మశూచి తర్వాత రెండు కళ్లూ పోయిన నాటు పెట్ట: ఒక కేసు

చూపు పోయిన కోడిని తెచ్చినవాళ్లు ముందుగా కంటి గురించే అడుగుతారు. చుక్కలు వేస్తే చూపు వస్తుందా, ఆపరేషన్ ఏమైనా ఉందా అని. ఈ కేసులో కంటికి చేయాల్సింది తొందరగానే తేలిపోయింది. మిగతా పనంతా మేత గిన్నె దగ్గర జరిగింది. ఇల్లు తిరుపతి శివార్లలో ఉందనేంతవరకే చెబుతాను. కోడికి ముద్దుపేరు ఉంది కానీ ఆ వీధిలో అందరికీ తెలిసిన పేరు కాబట్టి రాయడం లేదు. పెట్ట అనే అంటాను.

నేపథ్యం

వయసు సుమారు రెండేళ్లు. ఆ ఇంట్లో అవ్వ, కోడలు, ఐదో తరగతి చదివే మనవరాలు ఉంటారు. పెరట్లో ఇంకొన్ని కోళ్లున్నాయి. అవి గుడ్లకి, ఎప్పుడైనా చుట్టాలొస్తే సంగటిలోకి పులుసుకి. ఈ పెట్ట సంగతి వేరు. దాని తోడబుట్టిన పిల్లలన్నీ కొక్కెర తెగులుకు పోతే ఇదొక్కటే మిగిలింది. పాప దాన్ని ఇంట్లోనే పెట్టుకుని పెంచింది. అవ్వ మాత్రం వచ్చే గంగ జాతరకి దీన్నే బలివ్వాలనుకుని ఉంది. ఈ విషయంలో అవ్వకీ మనవరాలికీ అప్పటికే మాటల్లేవు.

వానాకాలం వెనకబట్టున, అంటే మనవైపు ఈశాన్య రుతుపవనాలు పడే అక్టోబరు, నవంబరు రోజుల్లో, కోళ్లన్నిటికీ తురాయి మీద, ముక్కు పక్కన పొక్కులు లేచాయి. ఇంట్లోవాళ్లు 'అమ్మవారు పోసింది' అన్నారు. పుస్తకాల్లో దీన్నే కోడి మశూచి అంటారు. వైరస్ జబ్బు. వానల తర్వాత నీళ్లు నిలిచి దోమలు పెరిగితే దోమకాటుతో ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. పొక్కులు ఎండి, నల్లటి పెచ్చుకట్టి, మామూలుగా మూడు నాలుగు వారాల్లో రాలిపోతాయి. మిగతా కోళ్లకి అలాగే రాలిపోయాయి. మనుషులకి వచ్చే ఆటలమ్మకీ దీనికీ సంబంధం లేదు, కోడి నుంచి పిల్లలకి అంటదు. ఈ మాట ముందే చెప్పాను, ఎందుకంటే పాపని కోడి దగ్గరికి పోనివ్వడం మానేశారు.

వచ్చిన సమస్య

పెట్టని గంపలో పెట్టుకుని తెచ్చారు. రెండు కళ్లూ మూసుకుపోయి, రెప్పల మీద గట్టి పసుపుపచ్చ పెచ్చు కట్టి ఉంది. పొక్కుల మీద రాసిన పసుపు, వేపాకు ముద్దనే రెప్పల మీద కూడా పట్టించారు. అది ఎండి రెండు రెప్పల్నీ అతికించేసింది. దానికి ముందు ఒక మందుల షాపులో 'కళ్లకలక చుక్కలు' అడిగి తెచ్చి వేశారు. సీసా చూస్తే యాంటీబయోటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉన్న చుక్కలు.

కోడలు చెప్పింది ఇది: "మేత ముందర పెట్టినా అట్నే కూర్చోనుండాది సార్. కదిలేదే లేదు. నోట్లో పెడితే మింగతాది."

నాకు ముఖ్యమైన మాట అదే. నోట్లో పెడితే మింగుతోందంటే గొంతులో అడ్డం లేదు, ఆకలి చావలేదు. మరి ముందర పెట్టింది ఎందుకు తినదు? కోడి మేతని కంటితోనే వెతుక్కుంటుంది. గింజ కనిపిస్తేనే ముక్కుతో పొడుస్తుంది. వాసన పట్టుకుని గిన్నె దగ్గరికి నడిచే కుక్క స్వభావం దానిది కాదు. చీకటి పడితే కోడి ఉన్నచోటే ముడుచుకుని కూర్చుంటుంది, ఆకలైనా లేవదు. రాత్రిపూట కోళ్లని పట్టుకోవడం తేలికయ్యేది అందుకే. ఈ పెట్టకి రెండు వారాలుగా తెల్లారలేదు.

చేత్తో పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. బరువు 980 గ్రాములు. మెడ కింద మేత సంచి ఖాళీ. రెట్ట పచ్చగా, పలచగా ఉంది. పస్తులున్న కోడి రెట్ట ఇలా పచ్చగా పడుతుంది. ఇది చూసి విరేచనాల మందు వేసేవాళ్లు చాలామంది ఉంటారు.

ఏ జబ్బని ఎలా అనుకున్నాను

కోడికి చూపు పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. మశూచి కళ్లముందే కనిపిస్తున్నా, అది ఒక్కటేనా అన్నది చూడాలి. మారెక్స్ జబ్బులో కంటిపాప చుట్టూ ఉండే నారింజరంగు వలయం బూడిదరంగుకి తిరుగుతుంది, కంటిపాప అంచు వంకరటింకర అవుతుంది. కాళ్లు చచ్చుబడడం కూడా చూస్తాం. అది ఎక్కువగా ఎదిగే వయసులో వస్తుంది, ఈ పెట్టకి కాళ్లు గట్టిగానే ఉన్నాయి. కొరైజా అయితే ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంది, ముఖం వాస్తుంది. ఇక్కడ వాసన లేదు. విటమిన్ ఏ లోపంలో కూడా రెప్పల కింద జున్నుముక్కలాంటి తెల్లటి పదార్థం పేరుకుంటుంది, నోట్లో తెల్లటి చిన్న పొక్కులు కనిపిస్తాయి. మశూచి నోట్లోకి పాకితే పసుపు పొర కడుతుంది, అది గొంతు మూసేస్తే ఊపిరాడక చస్తుంది. నోరు తెరిచి చూస్తే రెండూ లేవు. అయినా కొన్ని వారాలుగా ఇంట్లో కూర్చోబెట్టి నూకలే పెడుతున్నారు, నూకల్లో విటమిన్ ఏ ఉండదు. పచ్చాకు తిని తిరిగే కోడికి ఈ లోపం రాదు గానీ, దీనికి వచ్చే వీలుంది. విటమిన్ ఏ చుక్కలు కొద్దికాలానికి మాత్రం రాశాను, ఎక్కువైతే కాలేయంలో నిలవుండి అదే హాని చేస్తుంది.

పెచ్చుని పీకలేదు. పీకితే రక్తం వస్తుంది, కింది చర్మం చిరుగుతుంది, రాలిన పెచ్చులో వైరస్ బతికే ఉంటుంది. లీటరు నీళ్లకి 9 గ్రాముల ఉప్పు వేసి, మరిగించి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, రెప్పల మీద నానబెడుతూ కూర్చోమన్నాను. మెత్తబడ్డాక మొద్దు అంచున్న పనిముట్టుతో రెప్పల కింద గడ్డకట్టిన చీము తీశాను. కుడి కన్ను అప్పటికే కుంచించుకుపోయి ఉంది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద పొర మొత్తం తెల్లగా మచ్చకట్టి ఉంది. ఫ్లోరెసిన్ రంగు వేస్తే ఒక అంచున పుండు ఇంకా మానలేదని తేలింది. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే పుండు మానదు, లోతవుతుంది. ఆ చుక్కలు వెంటనే ఆపించి, స్టెరాయిడ్ లేని ఆయింట్‌మెంట్, నోటి ద్వారా యాంటీబయోటిక్, నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చాను. యాంటీబయోటిక్ మశూచికి పనిచేయదు, పైన చేరిన బ్యాక్టీరియా కోసమే. మోతాదులు రాయను. బరువు తూచకుండా ఎవరూ వేయకూడదు.

చూపు ఏమైనా మిగిలిందా అని చూడడంలో ఒక మెలిక ఉంది. కోడి కంటిపాపని నడిపే కండరం మనిషి కంట్లో లాంటిది కాదు, కోడి దాన్ని తనంతట తాను కొంతవరకు బిగించగలదు. కాబట్టి టార్చి వేసి కంటిపాప చూసి తేల్చేయడం కుదరదు. చెయ్యి ఊపితే గాలి ఈకలకి తగిలి తల తిప్పుతుంది, అది చూసి చూపుందని సంబరపడతారు. అందుకే మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అడ్డం పెట్టి చెయ్యి ఊపాను. కదలలేదు. ముందునుంచి దూది ఉండ చప్పుడు లేకుండా వదిలితే కూడా తల తిప్పలేదు. ఎడమ కంటికి వెలుతురు, నీడ తేడా అందుతుందేమో గానీ, ఆకారం కనిపించదు.

కుడి కన్ను తీసేయమని కోడలు అడిగింది. చీము ఆగిపోయి, నొప్పి లేకుండా ఎండిపోతే దాన్ని అలాగే వదిలేయడం మేలు. కిలో కూడా లేని, పస్తులున్న కోడికి మత్తు ఇవ్వడమే ఆపరేషన్ కన్నా పెద్ద ప్రమాదం. మళ్లీ చీము పడితే చూద్దామన్నాను. పడలేదు.

అవ్వ అడిగింది ఇంకోటి. "ఇంత తిప్పలెందుకు నాయనా, కోసేస్తే పోలా?" కసురుకోవాల్సిన ప్రశ్నేమీ కాదు, పెంచే ఇంట్లో మామూలుగా వచ్చేదే. మందులు మొదలుపెట్టాక కొన్నాళ్లు దాని మాంసం తినకూడదని మాత్రం చెప్పాను. పాపకి కూడా విడిగా ఒక మాట చెప్పాను: తనంతట తాను తిని, ఈకలు సర్దుకుని, నొప్పి లేకుండా కూర్చోగలిగితే ఉంచుదాం. బరువు పడిపోతూనే ఉంటే దాన్ని బాధ పెట్టకుండా పంపేద్దాం. తూకం కాగితం మీద రాయమన్నాను. ఇలా ముందే గీత గీసుకోకపోతే ఎవరికి ఏడుపొస్తే వాళ్ల మాట నెగ్గుతుంది.

ముందుగా చేసినవి

మొదట నీళ్లు. ఎండిపోయిన ఒంట్లోకి మేత ఎక్కిస్తే అరగదు. గోరువెచ్చని ఓఆర్ఎస్ ఇచ్చి, అది మేత సంచి నుంచి దిగిందని చూసుకున్నాక పలచని రాగి జావలో ఉడికిన పచ్చసొన కలిపి, మెత్తటి గొట్టంతో మేత సంచిలోకే ఎక్కించాను. మొదట్లో ఒక్కోసారి 20 మిల్లీలీటర్లే. కోడి నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. సిరంజితో నోట్లోకి చిమ్మితే సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లోవాళ్లకి గొట్టం పని అప్పగించలేదు. సంగటిని శనగగింజంత ఉండలు చేసి, ముక్కు అంచుకి తాకించి, అది తెరిస్తే పెట్టమన్నాను.

బరువు నిలబడింది, తర్వాత కాస్త పెరిగింది. కన్ను పొడిబారింది. అక్కడే ఆగిపోయింది. పాప బడికి పోతే మధ్యాహ్నం పస్తు. సాయంత్రం పాప చెయ్యి ముక్కుకి తాకితేనే నోరు తెరిచేది. పరీక్షల రోజుల్లో 60 గ్రాములు తగ్గిందని కాగితమే చెప్పింది. చేత్తో తినిపించడం ప్రాణం నిలబెట్టింది, కానీ మేత ఎక్కడుందో ఆ కోడికి తెలియాల్సిన అవసరమే లేకుండా చేసింది.

పనిచేయనివి

నేల మీద గింజలు చల్లి చూశారు. గింజల మీద నిలబడి ఆకలితో ఉంది. గింజ ఏరడానికి గురి కావాలి, ఆ గురి కంటిది. స్టీలు పళ్లెంలో పెడితే ముక్కు తగలగానే పళ్లెం జరిగి చప్పుడైంది, బెదిరి గోడకి గుద్దుకుంది. ఆ తర్వాత పళ్లెం వైపే పోలేదు.

తోడుంటే చూసి నేర్చుకుంటుందని పెరట్లోని పెద్ద పెట్టని గంపలోకి వదిలారు. చూసి నేర్చుకునే కళ్లు దీనికి లేవన్నది అటుంచితే, కోళ్లలో పెద్దరికం చూపుతో నడుస్తుంది. పెద్దది తల ఎత్తితే చిన్నది పక్కకి తప్పుకోవాలి. ఇది తప్పుకోలేదు, ఎందుకంటే కనిపించలేదు. పెద్దది దాన్ని ఎదిరింపనుకుంది. తురాయి చీరుకుపోయి రక్తం వచ్చింది. రక్తం కనిపిస్తే మిగతావీ పొడుస్తాయి కాబట్టి వెంటనే విడదీశారు.

నేను ఇంటికి వెళ్లి చూసినప్పుడు అసలు చిక్కు బయటపడింది. పొద్దున గంపని ఎండ కోసం వాకిట్లో పెడతారు. మధ్యాహ్నం వేపచెట్టు కిందికి మారుస్తారు. సాయంత్రం దోమలని వంటింటి పక్క కొట్టుగదిలోకి తెస్తారు. ఎక్కడికి మార్చినా నీళ్లగిన్నె ఒకసారి కుడివైపు, ఒకసారి వెనక. ప్రేమతోనే చేస్తున్నారు, మారుస్తున్న ప్రతిసారీ మంచి నీడనే వెతుకుతున్నారు. కానీ అది ఎక్కడుందో నేర్చుకునేలోపే ఇంకోచోట ఉంటోంది. అంటే ఈ కోడి నేర్చుకోలేకపోతోందని అనడానికి అప్పటిదాకా ఆధారమే లేదు. నేర్చుకునే వీలు ఇచ్చి చూస్తే గదా తెలిసేది.

పనిచేసింది

వసారాలో రెండు గోడలు కలిసే మూల తీసుకున్నాం. చోటు ఎంచేటప్పుడు డిసెంబరు ఎండని కాకుండా రోహిణి కార్తెని లెక్కలో పెట్టాను. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే, చూపున్న కోడి నీడలోకి నడిచిపోతుంది, ఇది ఉన్నచోటే రొప్పుతూ ఉంటుంది. అప్పుడు చోటు మారిస్తే నేర్చుకున్నదంతా పోతుంది. మిగతా రెండు వైపులా జాలీ కట్టారు, పిల్లులు, వీధికుక్కలు రాకుండా. దోమతెర పైనుంచి వేశారు.

మేతకి బరువైన మట్టి మూకుడు, జరగకుండా రెండు ఇటుకల మధ్య. అందులో గింజలకి బదులు తవుడు, రాగిపిండి, ఉడికించి నలిపిన మునగాకు కలిపిన తడి ముద్ద, రెండంగుళాల మందాన. ముక్కు ఎక్కడ దించినా నోటికి ఏదో ఒకటి వస్తుంది, గురి అక్కర్లేదు. గింజలు చల్లడం కన్నా ఇది మేలవడానికి కారణం అంతే. తడి ముద్ద మన ఎండకి పులిసిపోతుంది కాబట్టి పూటపూటకీ కడిగి కొత్తది పెట్టాలి. మూకుడు చుట్టూ గోనెసంచి పరిచాం. కాలికి గోనె తగిలితే మేత దగ్గరికి వచ్చినట్టు. నీళ్లగిన్నె మూకుడికి ఎప్పుడూ ఎడమవైపే, లోతు తక్కువ.

తర్వాత పిలుపు. తల్లికోడి పిల్లలకి మేత చూపించేటప్పుడు ముక్కుతో నేల మీద టకటకమని కొడుతుంది. తల్లి లేని కోడిపిల్లలకి తిండి నేర్పడానికి పల్లెల్లో వేలితో నేల మీద అలా కొట్టడం చాలామందికి తెలుసు. అవ్వకీ తెలుసు. ఈ పని చేసింది అవ్వే. మూకుడు అంచున గోటితో కొట్టడం, అది తల తిప్పితే ఆగడం, ఒక అడుగు వేస్తే మళ్లీ కొట్టడం. ముక్కుని పట్టుకుని మేతలో ముంచవద్దని గట్టిగా చెప్పాను. ముక్కుని ఎవరో లాక్కెళ్లే చోటంటే కోడికి భయమే మిగులుతుంది. మొదట అర అడుగు దూరం నుంచి, తర్వాత మూల చివరి నుంచి. తాకేముందు ప్రతిసారీ పేరు పెట్టి పిలవడం, తర్వాతే చెయ్యి వేయడం.

చేతి ఉండలు ఒక్కసారిగా మానేయలేదు. పొద్దుటి పూట మాత్రం ఆపేశాం, ఎందుకంటే రాత్రంతా ఖాళీగా ఉన్న మేత సంచితో ఆకలి అప్పుడే ఎక్కువ. తిన్నదీ లేనిదీ మూకుడు చూసి చెప్పలేం, కెలికి చల్లితే మూకుడు ఖాళీగానే కనిపిస్తుంది. అందుకని చీకటి పడ్డాక మేత సంచిని తడిమి చూడమన్నాను. నిండుగా, మెత్తగా ఉంటే తిన్నట్టు. ఖాళీగా ఉంటే ఆ పూటకి చేత్తో పెట్టడం. ఈ ఒక్క ఏర్పాటుతో ఇంట్లోవాళ్లకి టెన్షన్ తగ్గింది, కోడికి పస్తూ తప్పింది. సంక్రాంతి దాటేసరికి చప్పుడు లేకుండానే మూకుడు దగ్గరికి నడవడం మొదలుపెట్టింది. బరువు 1,240 గ్రాములు.

తోడు విషయం మళ్లీ చూశాం. పెద్ద పెట్ట బదులు, ఇంకా గుడ్లకి రాని ఒక సాధువైన చిన్న పెట్టని ముందు జాలీ అవతల ఉంచి, గొడవ లేదని తేలాక చీకటి పడ్డాక లోపల వదిలారు. రెండూ పక్కపక్కనే నిద్రపోయి లేచాయి. చిన్నది మూకుడులో పొడిచే చప్పుడే దీనికి పిలుపైంది, అవ్వ గోటి పని తగ్గిపోయింది.

కొన్ని ఊహించని సంగతులు

చూపున్న కోడి మట్టిలో పొర్లి ఒంటి మీద పేలని వదిలించుకుంటుంది, నేల గీరి గోళ్లు అరగదీసుకుంటుంది. ఇది రెండూ చేయడం లేదు. వెనకభాగం ఈకల మొదట్లో పేలగుడ్లు గుత్తులుగా కనిపించాయి. ఒక వెడల్పు బేసిన్‌లో పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి మూలలో పెట్టించాను. మొదట పాప దాన్ని అందులో దించేది, తర్వాత తానే ఎక్కింది. గోళ్లు మాత్రం కత్తిరించాల్సిందే, పైముక్కు కూడా కాస్త పెరుగుతోంది.

రాత్రిళ్లు పడుకునే కర్ర తీయించేశాను. ఎక్కడం గుర్తుపెట్టుకుంటుంది, దిగడంలో కాలు విరుగుతుంది. నేల మీద ఎండుగడ్డి చాలు.

దాన్ని కొట్టుగదిలోనే ఉంచితే పోదా, గుడ్డిదానికి వెలుతురెందుకని మొదట్లో అవ్వ అంది. మూల వసారాలోనే ఉండాలని నేను పట్టుబట్టడానికి గాలి ఒక కారణం, ఇంకోటి ఉంది. పక్షులకి పగటి పొడవు తెలియడానికి కళ్లే అక్కర్లేదు. పుర్రె పలచగా ఉంటుంది, దాని గుండా వెళ్లిన వెలుతురుని మెదడు లోపలి కణాలే గుర్తిస్తాయి. గుడ్లు పెట్టే హార్మోన్లు దాన్నిబట్టే కదులుతాయి. ఫిబ్రవరిలో పగళ్లు పెరుగుతుండగా గడ్డి మూలలో గుడ్డు కనిపించింది. మశూచికి ముందు పెట్టి ఆపేసినదే మళ్లీ మొదలైంది. అప్పటికి మందులు ఆపి చాలాకాలమైంది కాబట్టి తినడానికి అడ్డు లేదన్నాను. గుడ్ల పెంకుకి సున్నం కావాలి, తిరిగే కోడి ఏరుకుంటుంది, దీనికి కాల్చిన గుడ్డుపెంకులు పొడి చేసి ముద్దలోనే కలుపుతున్నారు.

జాతర సంగతి అవ్వే తేల్చేసింది. "కన్ను బొయినదాన్ని అమ్మకెట్టా ఇస్తాం సార్, వేరేది చూస్తాంలే."

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో వచ్చిన మార్పులు

చూపు పోయిన కోడి వస్తే కన్ను చూడకముందే తూకం వేస్తున్నాను, మేత సంచి తడుముతున్నాను. మందుల చీటీతో పాటు ఇంటి మూల ఎక్కడో, మేత ఎటువైపో, నీళ్లు ఎటువైపో కాగితం మీద గీసి ఇస్తున్నాను. గంప కదపవద్దన్న మాట వాళ్లకి వింతగా ఉంటుంది, అందుకని కారణం కూడా చెబుతాను. చేత్తో తినిపించేవాళ్లని ఆపమనను, ఏ పూట ఆపాలో చెబుతాను. అన్ని కోళ్లూ ఇలా కుదురుకోవు. మారెక్స్‌తో చూపు పోయిన వాటికి ఇంత శ్రమ పెట్టమని చెప్పను, ఆ జబ్బు కంటితో ఆగదు.

ఇక ఆ ఇంటి మిగతా కోళ్ల సంగతి. కొత్తగా పొదిగిన పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క పొరలో మశూచి టీకా వేయించాను. వారం, పది రోజులకి గుచ్చిన చోట చిన్న పొక్కు కట్టిందో లేదో చూసుకోమన్నాను, కడితేనే టీకా పట్టినట్టు. వానలకి ముందే ఇది అయిపోవాలి. పెరట్లో నీళ్లు నిలిచే పాత టైర్లు, పగిలిన తొట్లు తీయించాం. పాప ఆ పెట్టకీ టీకా వేయమని అడిగింది. మశూచి వచ్చి కోలుకున్న కోడికి దాని మీద రక్షణ ఉంటుంది కాబట్టి వేయలేదు. కొక్కెర తెగులు టీకా మాత్రం మిగతా వాటితో పాటు దానికీ వేశాను. అప్పుడు తూస్తే 1,410 గ్రాములుంది.